మాత్రకు కొసరు

బేరం ఆడాలంటే నోరుంటే చాలని అందరూ అనుకుంటారు. కాళ్లు కూడా కావాలి. దుకాణదారు ఒక ధర చెప్తాడు, మనం అందులో సగం చెప్తాం, అతను నవ్వుతాడు. అప్పుడు సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగి నడవాలి. తొందర కనపడకూడదు, ఆ సరుకు మనకి నిజంగానే అక్కర్లేనట్టు ఉండాలి. నాలుగడుగులు పడేలోపు వెనకనుంచి పిలుపొస్తుంది. రాలేదంటే మనం అడిగిన ధర తప్పన్నమాట. మోండా మార్కెట్‌లో కిరాణా కొట్టు నడిపిన మనిషి కూతుర్ని నేను, బియ్యం బస్తాల మీద పడుకుని పెరిగాను. గిరాకీ వెళ్లిపోతుంటే నిజంగా పోతోందో, పిలుపు కోసం పోతోందో మడమలు చూసి చెప్పేదాన్ని.

అలాంటి నాకు నడవడం చేతకాకుండా పోయిన ఏడాది గురించి ఇది. గండం గడిచింది కాబట్టి రాస్తున్నాను. ఇంకెవరైనా నాలాంటి తెలివిగలవాళ్లుంటే చదువుకుంటారని కూడా.

ఎండాకాలం

ఆవకాయ కాయలకని మార్కెట్‌కి పోయాను. కాయ బాగుంది, పీచు ఉంది, టెంక గట్టిపడింది. ఆమె చెప్పిన ధర విని నేను నవ్వాను, నేను చెప్పిన ధర విని ఆమె నవ్వింది. అంతా సక్రమంగానే నడుస్తోంది. వెనక్కి తిరిగాను. ఒకటి, రెండు అడుగులు. మూడో అడుగుకి చెవుల్లో జోరీగలు మొదలయ్యాయి. ఎదురుగా ఉన్న ఉల్లిగడ్డ కుప్ప నల్లబడింది. ఎవరిదో గోనెసంచి చేతికి తగిలితే దాని మీదే కూలబడ్డాను.

కళ్లు తెరిచేసరికి మామిడికాయలామె నా మొహం మీద నీళ్లు చల్లుతోంది. "అక్కా, నువ్వన్న ధరకే తీస్కో. జెర లేసి కూసో ముందు," అంటోంది.

ఆ ధరకి కాయలు తెచ్చుకున్నాను. నా జన్మలో జాలితో గెలిచిన బేరం అదొక్కటే. ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చాను.

సంగతేమిటంటే, నాకు నెలసరి ఆగడం లేదు. ముందటి దీపావళినుంచీ అంతే. నెలకి అయిదు రోజులు పోయి పది రోజులైంది, పది పోయి నెలలో సగమైంది. వయసు దిగేటప్పుడు అందరికీ ఉండేదే అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. మా ఆయనకి రాంగోపాల్‌పేట్‌లో స్టీలు సామాన్ల దుకాణం. పొద్దున పోతే రాత్రికొస్తాడు, ఆయనకి చెప్పడానికి నాకు సిగ్గు. అత్తమ్మకి చెప్తే పూజగదికి, వంటింటికి దూరం పెడుతుంది. ఇల్లు ఎవరు నడుపుతారు?

కానీ ఆ రోజు నన్ను చూసిన అత్తమ్మ గడపలోనే ఆపేసింది. నా కింది కనురెప్ప లాగి చూసింది. "ఏందే గిట్ల తెల్లగయినవ్, సున్నం పూసినట్టు? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తవ్ అత్తమ్మా?"

"తిడ్దును," అంది. "తిట్టి దవాఖాన్ల వెయ్యిద్దును."

డాక్టరమ్మ గర్భసంచిలో గడ్డలున్నాయంది. కాన్సర్ కాదు, కానీ సంచి తీసేయాల్సిందే. అయితే ఒంట్లో రక్తం సగం కూడా లేదు, ఇలా మత్తిస్తే గుండె తట్టుకోదు. "హిమోగ్లోబిన్ పదికి రావాలి. అప్పుడే చేస్తాను," అంది.

"ఎనిమిదికి చెయ్యరా?" అన్నాను.

ఆమె కళ్లజోడు తీసి నా వంక చూసింది. "ఇది మార్కెట్ కాదమ్మా."

"తొమ్మిదికి?"

పక్కనున్న మా ఆయన తల దించుకున్నాడు. బయటికొచ్చాక అన్నాడు, "చావుతోని సుత బేరం చేస్తవానే నువ్వు?" నవ్వుతూ అన్నాడనుకుని మొహం చూశాను. నవ్వడం లేదు.

ఐరన్ మాత్రలు రాసింది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మందుల షాపులో అన్ని అట్టలు కొని కొసరు అడిగాను. కొసరు తెలియని వాళ్లకి చెప్తున్నాను: తూకం అయిపోయాక, డబ్బు చేతులు మారాక, పైన వేసే పిడికెడు. కరివేపాకు కావచ్చు, రెండు మిరపకాయలు కావచ్చు. దాని విలువ ఎంతని కాదు, అది లేకుండా కొట్టు దిగితే మమ్మల్ని ఎవరో మోసం చేసినట్టే. మా నాన్న ఇవ్వకుండా ఎవర్నీ పంపలేదు. నేను తీసుకోకుండా ఎక్కడా దిగలేదు. మందుల షాపతను చాలాసేపు తెల్లమొహం వేసి, చివరికి చిన్న దూది ఉండ సంచిలో వేశాడు.

మారేడ్‌పల్లిలో మా ఇంటికి రెండిళ్ల అవతల సుగుణ టీచరు ఉంటారు. నర్సాపురం వైపు మనిషి, ఇక్కడ మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఆమె ఇంటి ముందునుంచి ఎవరు పోయినా ఏదో ఒకటి చేతిలో పెట్టందే వదలరు. జామకాయో, గోరింటాకో, ప్రార్థనో. కొసరు మనిషి అంటే ఆమే, అసలు సరుకు అడగకుండానే కొసరు వేసేస్తారు.

నా సంగతి విని మట్టికుండీలోంచి ఒక కొమ్మ తుంచుకొచ్చారు. సన్నగా, సూదుల్లా ఆకులు. వేళ్ల మధ్య నలిపితే కర్పూరం, యూకలిప్టస్ కలిసిన వాసన.

"రోజ్‌మేరీ అంటారమ్మా. మా పాత హెడ్‌మిస్ట్రెస్ రిటైరై వెళ్లిపోతూ ఇచ్చిన కొమ్మ. ఈ ఊరి ఎండకి బతకదన్నారు. నేను వరండాలో నీడన పెట్టి బతికించాను. దీని టీ తాగు. తలనొప్పి తగ్గుతుంది, కడుపుబ్బరం పోతుంది, జలుబు చెయ్యదు. జ్ఞాపకశక్తికి కూడా మంచిదంటారు."

"ఇన్ని పనులు చేసే ఆకుని మా నాన్న కొట్లో ఎందుకు పెట్టలేదు టీచర్?"

"మీ నాన్నగారికి దీని పేరు తెలిస్తే ధర పెంచేద్దురు," అన్నారు నవ్వుతూ.

ఎండబెట్టిన ఆకులు హార్లిక్స్ సీసాలో నింపి పంపారు. అత్తమ్మ మూత తీసి వాసన చూసి, "సరుగుడు చెట్టు లెక్కుంది. ఆ ఆంధ్ర టీచరమ్మ మనకు గడ్డి తినిపిస్తదా?" అంది. అయినా రోజూ నీళ్లు మరగబెట్టి ఇచ్చింది ఆమే.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ టీ నాకు హాయిగా ఉండేది. ఐరన్ మాత్ర వేసుకుంటే నోరంతా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. ఆ వేడి టీ గుటకేస్తే వాసన మారిపోయేది, వాంతి ఆగేది. తల మీదున్న బరువు కాస్త దిగేది. కాబట్టి ఏం చేశానంటే, మాత్రని ఆ టీతోనే మింగడం మొదలుపెట్టాను. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. డాక్టరమ్మ ఇచ్చింది సరుకు, టీచరు ఇచ్చింది కొసరు, రెండూ ఒకే గుటకలో. ఇంత గిట్టుబాటు బేరం నేనెక్కడా చెయ్యలేదనుకున్నాను.

బోనాల నెల

పెళ్లయి వచ్చిన ఏడాదినుంచీ మా ఇంటి బోనం ఎత్తేది నేనే. మా సికింద్రాబాద్ లష్కర్ బోనాలనాడు ఆ జనంలో తల మీద కుండతో, దాని మీద దీపంతో నడవడానికి కూడా కాళ్లే కావాలి. ఆ ఏడు నేను ముట్టుకోకూడదు. ముట్టుకోవచ్చన్నా మోయలేను.

అత్తమ్మ మోకాళ్లు రెండూ అరిగిపోయినవి. ఆమె స్నానం చేసి, పసుపు రాసిన కుండ తల మీద పెట్టుకుని గడప దాటింది. మా ఆయన పక్కన చెయ్యి పట్టుకున్నాడు. నేను పైన కిటికీ దగ్గర నిలబడి చూశాను. సందు మలుపులో ఆమె ఆగి, కుండ పట్టుకుని ఒక కాలి మీద బరువు వేసి, మళ్లీ రెండో కాలి మీద వేసి, కాసేపు అలా నిలబడింది. అప్పులవాళ్లు ఇంటిమీదికొచ్చినప్పుడు కూడా తల దించని మనిషి. ఆ రోజు తల మీద కుండ ఉంది కాబట్టి దించలేకపోయింది, అంతే.

తిరిగొచ్చి నా మంచం పక్కన కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటూ, "గుళ్లె అమ్మకు చెప్పిన. వచ్చే ఏడు నా కోడలే ఎత్తాలె, నాతోని కాదు అని," అంది.

"అమ్మేమన్నది?"

"అమ్మకు గంత గుంపుల ఏమినవడ్తది? మల్ల చెప్తా."

ఆ వారమే రక్తపరీక్ష. మందు మొదలుపెట్టినప్పుడు ఎంతుందో అంతకన్నా తక్కువుంది. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, "మాత్రలు వేసుకుంటున్నారా?" అంది. అడిగిన తీరులోనే ఉంది, నమ్మడం లేదని.

"ఖాళీ అట్టలు తెమ్మంటే తెస్తా," అన్నాను.

"అట్టలు కాదు, ఒంట్లో కనపడాలి." ఇంకో రకం మాత్ర రాసింది, ధర ఎక్కువది. రక్తస్రావం తగ్గడానికి వేరే మాత్ర కలిపింది.

ఆ రాత్రి మాత్ర వేసుకునే వేళకి మా ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నేను నోట్లో వేసుకుని, టీ తాగి, మింగి, నాలుక చాపి చూపించాను. చిన్నపిల్లకి చేయించినట్టు. ఆయన తల తిప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి ముందు నాలుక చాపి చూపించాల్సి రావడం కన్నా ఆ మేకు రుచే నయం. మర్నాడూ వచ్చి నిలబడ్డాడు. మళ్లీ చాపాను.

రోజూ చూస్తున్నాం, ఇద్దరమూ. మాత్ర చూస్తున్నాం. పక్కన గ్లాసుని ఎవరమూ చూడలేదు.

దసరా తర్వాత

జమ్మి ఆకు చేతిలో పెట్టి పోవడానికి వచ్చిన చుట్టాలు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. మన గదిలోకొచ్చి జనం గొంతు తగ్గిస్తే మన ధర పడిపోయిందన్నమాట. ఒకావిడ వంటింట్లో అత్తమ్మతో, "సంచి తీసేస్తే ఆడదాన్ల ఏం మిగుల్తది వదినా?" అంటుంటే విన్నాను. అత్తమ్మ గిన్నె ఠపీమని పెట్టి, "నోరు మిగుల్తది. నా కోడలికి గదే చాలు," అంది.

కాళ్లు వాచాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్ర. మెట్లు ఎక్కాలంటే రెండు మెట్లకోసారి కూర్చోవాలి. గుండె ఎవరో లోపల్నుంచి తలుపు కొట్టినట్టు కొట్టుకునేది. ఒకరోజు జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తి, అలసిపోయి, సగం అల్లిన జడతో కూర్చుండిపోయాను. అప్పుడు మొదటిసారి అనుకున్నాను, ఇది నేను గెలిచే బేరం కాదేమో అని. భయమంటే గట్టిగా వస్తుందనుకునేదాన్ని. ఇది మెల్లగా వచ్చింది, చలిలాగా, పాదాలనుంచి.

నర్సింగ్‌హోం వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఎవరికో కాన్పు కష్టమవుతోంది, డాక్టరమ్మ రావడం లేదు. అందరూ గోడ గడియారం చూస్తున్నారు, నేను ఫ్యాను చూస్తున్నాను. అది నా మీదికి రావడం లేదు, మూలనున్న ఒకావిడ మీదికే వస్తోంది. నల్ల బురఖా, ఒళ్లో కిరోసిన్ స్టవ్ వత్తుల కట్ట, మందులకొచ్చి పనిలోపనిగా కొనుక్కున్నట్టుంది. ఆమె కాసేపు నన్ను చూసి లేచింది. "ఇక్కడ కూర్చో అమ్మా, హవా వస్తది," అని నా రెక్క పట్టుకుని తన చోటులో కూర్చోబెట్టింది. నా సగం జడ చూసింది. ఏమీ అడక్కుండా వెనక నిలబడి మిగతా సగం అల్లి, రబ్బరుబ్యాండు లేకపోతే వత్తుల కట్టకున్న దారం విప్పి కట్టింది. పేరు కూడా తెలియదు. ఆమెని పిలిచాక మళ్లీ చూడలేదు.

డాక్టరమ్మ వచ్చింది. కాగితం చూసి ఈసారి కోప్పడలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "మొదటినుంచీ చెప్పండి. పొద్దున లేచాక ఏం తింటారు, ఏం తాగుతారు, మాత్ర దేనితో వేసుకుంటారు?" అంది.

"రోజ్‌మేరీ టీతో," అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "రోజూనా?"

"రెండుపూటలా. ఒంటికి మంచిదని."

"మంచిదే. తలనొప్పికి తాగండి, అజీర్తికి తాగండి, నేను కాదనను. కానీ ఐరన్ మాత్రతో కాదు. ఈ టీలేవైనా, మామూలు టీ అయినా, కాఫీ అయినా, ఐరన్‌ని పట్టుకుని కూర్చుంటాయి. ఒంటికి పట్టనివ్వవు. మధ్యన రెండు గంటలన్నా ఎడముండాలి. నేను చెప్పాల్సింది. పాలు, టీ వద్దని అందరికీ చెప్తాను. మీకు చెప్పానో లేదో గుర్తు లేదు." మళ్లీ అంది, "అంతా దీనివల్లే కాదు. మీకు పోయే రక్తం ఎక్కువ, వచ్చేది తక్కువ. పోయేది గడ్డలవల్ల. ఆ వచ్చే కాస్తలో కూడా ఇది కొంత తినేసింది."

మా ఆయన ఆఖరి మాట ఒక్కటే విన్నాడు. ఆరు నెలలుగా ఆయన దేన్ని తిట్టాలో తెలియక తిరుగుతున్నాడు. గడ్డని తిట్టలేడు, దేవుణ్ని తిట్టలేడు, నన్ను తిడితే చచ్చిపోతానేమో. ఇప్పుడొక మనిషి దొరికింది.

ఆటోలో దారి పొడుగునా పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. "టీచరుకేం తెలుసు? మనకూ తెలీదు," అన్నాను. "నువ్వు నోర్మూస్కో," అన్నాడు. నేను మూసుకున్నాను. మాట్లాడటానికి ఊపిరి కావాలి, నాకు ఇల్లు చేరడానికే చాలడం లేదు.

క్రిస్మస్ ముందు

ఇక మాత్రలతో కాదు, రక్తం ఎక్కించి ఆపరేషన్ చేసెయ్యాలన్నారు. నా గ్రూపు నెగెటివ్. దొరకని సరుకు. బజార్లో దొరకని సరుకు జోలికి జన్మలో పోనిదాన్ని, అలాంటిది నా ఒంట్లోనే పెట్టుకుని పుట్టాను. మా తమ్ముడిది కలవలేదు. మా ఆయనది కలవలేదు. బ్లడ్‌బ్యాంకులో లేదన్నారు, చుట్టాల్లో వెతుక్కోమన్నారు. మా వైపు, వాళ్ల వైపు అందరికీ ఫోన్లు. కొందరు కలవలేదన్నారు, కొందరు కలుస్తుందేమోనని పరీక్షకే రాలేదు.

నేను నర్సింగ్‌హోంలో మంచం మీద ఎదురుచూశాను. ఎవరి కోసమో తెలియకుండా ఎదురుచూడటం అంటే ఏమిటో అక్కడ తెలిసింది. తలుపు తెరుచుకుంటే చాలు, ఆ వచ్చిన మనిషి చేతుల నరాలు చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం సీసా వచ్చింది. సాయంత్రం ఇంకోటి. ఎక్కడిదని అడిగితే మా ఆయన "దొరికింది" అని కిటికీ వైపు తిరిగాడు. మర్నాడు ఇంకోటి. ఎక్కుతున్నంతసేపూ చలి పుట్టింది, ఒణికాను. కానీ ఆ రాత్రి ఒక దిండు తీసేయగలిగాను. తర్వాత ఆపరేషన్. దాని గురించి చెప్పడానికేమీ లేదు, నాకు తెలియదు కదా. లేచేసరికి కడుపు కొడవలితో కోసినట్టు ఉంది, అత్తమ్మ చెమ్చాతో నీళ్లు పోస్తోంది.

కుట్లు విప్పిన రోజు అడిగాను. "రక్తం ఎవరిచ్చిన్రు అత్తమ్మా?"

ఆమె తలుపు వైపు చూసి, మా ఆయన లేడని చూసుకుని చెప్పింది.

డాక్టరమ్మ టీ సంగతి చెప్పిన ఆ రోజు, నన్ను ఇంట్లో దింపి, మా ఆయన చెప్పులు కూడా విడవకుండా సుగుణ టీచరింటికి పోయాడట. గేటు దగ్గరే నిలబడి వీధి వినేలా అరిచాడట. నా పెళ్లాన్ని చంపుతున్నవ్, ఆకులు పెట్టి చంపుతున్నవ్, ఇంకెంతమందికి పెట్టినవ్ అని. ఆమె వరండాలో నిలబడి విన్నదట.

"మరి రక్తం?"

"ఎవ్వరు దొరకలే. మూడో రోజు నేనే పోయిన. నీ మొగడు పోడు గద. గేటు పట్టుకొని నిలబడ్డ. లోపలికి రమ్మన్నది, నేను రాలే, ఏ మొకంతోని పోవాలె? గిట్ల గిట్ల నెగెటివ్ కావాలె, మీ చర్చిల ఎవరన్న ఉంటరా అన్న. ఆదివారం ఆరాధనల చెప్పిందట. ముగ్గురొచ్చిన్రు. ఒకాయన రైల్వేల క్లర్కు, ఇద్దరు నర్సు పిల్లలు. మీ ఆయన చాయ్ తెప్పిస్తే తాగిన్రు, పేరు అడిగితే చెప్పిన్రు, పోయిన్రు."

"ఆయన టీచరుకేమన్నా చెప్పిండా?"

"ఏం చెప్తడు? ఆ సందుల నుంచి పోవుడు బంద్ చేసిండు. సుట్టు తిరిగి దుకాణం పోతుండు."

ఇప్పుడు

శివరాత్రి పోయింది. చలి కూడా పోయింది. హిమోగ్లోబిన్ పది దాటింది. ఐరన్ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను, నిమ్మరసం కలిపిన నీళ్లతో. మా ఆయన ఎదురుగా నిలబడటం మానేశాడు. ఒకరోజు అలవాటుగా నాలుక చాపాను. ఆయన మొహం చూసి మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు.

నాలాంటి వాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. ఆకు మంచిదే. మాత్ర మంచిదే. ఏది తాగుతున్నారో, ఏది తింటున్నారో, అడక్కపోయినా డాక్టరుకి చెప్పండి. ఇంట్లో చెయ్యడానికి సిగ్గుపడనిదాన్ని అక్కడ చెప్పడం మరిచిపోకండి. రక్తం పోతుంటే నెలల తరబడి దాచుకోకండి.

ఇంకో పని మిగిలింది. ఆ పని కోసం మొన్న మధ్యాహ్నం టీచరింటికి నడిచి వెళ్లాను. రెండిళ్ల దూరం, నిలబడకుండా.

ఆమె సన్నబడ్డారు. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు, కుట్లు మానాయా అని అడిగారు. అంతే. చేతిలో ఏమీ పెట్టలేదు. జామచెట్టు నిండా కాయలున్నాయి, ఒక్కటీ కొయ్యలేదు. వరండాలో నీడన కుండీ ఉన్న చోట గుండ్రటి మచ్చ ఉంది.

"మొక్కేది టీచర్?"

"పీకేశానమ్మా, ఆ రోజే. తర్వాత అది ఎవరెవరికి ఇచ్చానో గుర్తు చేసుకుని అందరిళ్లకీ వెళ్లాను. ఏమన్నా మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. కొంతమంది నవ్వారు. ఒకరిద్దరు మాత్రం సీసా తిరిగిచ్చేశారు." చీర చెంగు సర్దుకున్నారు. "మొన్న క్రిస్మస్‌కి కేకు కూడా ఎవరికీ పంపలేదు. అందులో ఎవరికి ఏది పడదో నాకేం తెలుసు?"

"మా ఆయన తరఫున..."

"ఆయనేం తప్పనలేదు. నా చేత్తోనే కదా ఇచ్చాను."

"మీ చేత్తోనే కదా రక్తమూ వచ్చింది."

"అది వాళ్లది," అన్నారు.

ఇక క్షమాపణ చెప్పే దారి లేదు. చెప్పినకొద్దీ ఆమె తప్పుని తనవైపే లాక్కుంటారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే.

"ఆ టీ ఒక కప్పు కావాలి," అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది. "వద్దు."

"తలనొప్పిగా ఉంది."

"అమృతాంజనం ఉంది, ఇస్తాను."

"అర కప్పు."

"లేదమ్మా."

"సీసా అడుగున ఉండే ఉంటుంది. మీరు ఏదీ పూర్తిగా పారెయ్యరు, నాకు తెలుసు. పావు కప్పు."

"నాతో బేరమాడకు. నావల్ల కాదు. ఇవ్వాలంటే చెయ్యి రావడం లేదు." నా ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టారు.

నేను లేచాను. సంచి భుజాన వేసుకున్నాను. చెప్పులు తొడుక్కుని వరండా మెట్లు దిగాను. నింపాదిగా, నాకు నిజంగానే అక్కర్లేనట్టు. ఒక అడుగు. చెవుల్లో జోరీగలు లేవు. రెండు. మూడు. జామచెట్టు దాటాను. నాలుగో అడుగుకీ పిలుపు రాలేదు. గేటు దాకా వచ్చేశాను. ఇంక ధర తప్పు చెప్పాననుకున్నాను. గొళ్లెం తీశాను.

"ఇదిగో."

తిరగలేదు. వెంటనే తిరగకూడదు.

"మాత్ర ఎప్పుడు వేసుకున్నావ్?"

"పొద్దున. టిఫిను ముందు."

"మళ్లీ ఎప్పుడు?"

"రాత్రి, పడుకునే ముందు."

ఆమె లోపలికి వెళ్లి గోడ గడియారం కింద నిలబడ్డారు. లెక్కల టీచరు, పెదాలు కదుపుతూ అటు గంటలు, ఇటు గంటలు లెక్కపెట్టారు. మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టారు.

"కూర్చో," అన్నారు.

సీసా అడుగున గోరుతో గీకితే వచ్చినంత ఆకు. పావు కప్పే పోశారు, చుక్క ఎక్కువ వెయ్యలేదు. జీవితంలో మొదటిసారి అనుకుంటా, కొలిచి పోయడం. రంగు పలచగా ఉంది. వాసన మాత్రం అదే, కర్పూరం లాంటిది. తాగేశాను. లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"కాసేపు ఉండు. నీకేమీ కాలేదని చూసి పంపిస్తాను."

పావు కప్పు టీకి ఏమవుతుంది అని నేను అనలేదు. కూర్చున్నాను. ఎండ వరండాలోంచి జారి కుండీ మచ్చ దాటిపోయింది. సందులో దీపాలు వెలిగాయి. ఆమె అవతలి కుర్చీలో కూర్చుని నా మొహమే చూస్తున్నారు.